గోల్డ్ మెడల్ అంటించిన సీసా

మా అత్తవారింట్లో మందు ముట్టినవాళ్ళు ఎవరూ లేరు. కార్తీకమాసంలో ఉల్లిపాయ కూడా గడప తొక్కని ఇల్లు. అలాంటి ఇంట్లో ఏ వైన్ మంచిదో తేల్చే బాధ్యత నా మీద పడడానికి కారణం నా డిగ్రీ. నేను బీఎస్సీ మైక్రోబయాలజీ. ద్రాక్షరసం ఈస్టు వల్ల వైన్‌గా ఎలా మారుతుందన్నది మాకు ఐదు మార్కుల ప్రశ్న. పరీక్షలో అదీ రాలేదు. అయినా మా మావయ్యగారు షాపుకి వచ్చినవాళ్ళందరికీ, "మా కోడలు చదివింది ఆ సబ్జెక్టేనండి" అని చెప్పేశారు.

మాది మండపేటలో బియ్యం వ్యాపారం. మిల్లుల దగ్గర కొని, మా సంచుల్లోకి ఎత్తి, హోటళ్ళకీ కల్యాణమండపాలకీ వేస్తాం. యానాంలో గోదారి ఒడ్డున ఒకాయన పెద్ద హోటలు కట్టించారు. దానికి బియ్యం ఎవరు వెయ్యాలో తేల్చుకోవడానికి ముగ్గురు వ్యాపారుల దగ్గర శాంపిళ్ళు తెప్పించుకున్నారు. అందులో మాదొకటి. పక్కవీధి షాపుదొకటి. ఆ షాపాయనకీ మా మావయ్యగారికీ ఏళ్ళ తరబడి మాటల్లేవు. తీర్పు ఇంకా రాకుండానే ఆ హోటలు యజమాని కొత్త ఇంటి గృహప్రవేశం వచ్చింది. పొద్దున పూజ, సాయంత్రం విందు. విందుకి మమ్మల్ని కుటుంబంతో రమ్మన్నారు.

ఆ ఆర్డరు వస్తే రాజమండ్రిలో బ్రాంచి తెరుద్దామని, మేమిద్దరం పాపతో అక్కడికి మారిపోదామని మా ఆయన అన్నారు. అందరూ బ్రాంచి గురించే ఆలోచించారు. నేను మాత్రం పిల్లల డాక్టరు గురించి ఆలోచించాను.

మా పాపకి అప్పుడు పది నెలలు. అంతకు కొన్నాళ్ళ ముందు ఒక మధ్యాహ్నం జ్వరం ఎక్కువై ఒళ్ళంతా కొయ్యబారిపోయి కళ్ళు తేలేసింది. షాపు వ్యాను ఊరి బయట గోడౌనులో ఉంది. తాళం డ్రైవరు జేబులో ఉంది. డ్రైవరు ఎక్కడో భోజనానికి వెళ్ళాడు. చివరికి పక్కింటివాళ్ళ స్కూటరు మీద, ఇద్దరి మధ్య పిల్లని ఇరికించుకుని, మా ఊరి డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. ఆయన చూసి, మందిచ్చి, "జ్వరంలో కొందరు పిల్లలకి ఇలా వస్తుందమ్మా, పెద్దయ్యేకొద్దీ పోతుంది" అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. రాజమండ్రిలో ఒక డాక్టరున్నారు. బోర్డు మీద పేరు కింద 'గోల్డ్ మెడలిస్ట్' అని ఉంటుంది. ఆయన దగ్గరికీ తీసుకెళ్ళాను. ఆయనా అదే మాట చెప్పారు. కాకపోతే ఏసీ గదిలో చెప్పారు. పాప మాత్రం రెండుచోట్లా ఒకే శ్రుతిలో ఏడ్చింది.

"మన డాక్టరుగారికేం తక్కువే?" అనేవారు అత్తయ్యగారు.

"మెడల్ తక్కువండి" అనేదాన్ని.

అప్పటినుంచి ఆ బోర్డుకి పది నిమిషాల దూరంలో ఇల్లు కావాలన్నది నా కోరిక. ఆ ఇల్లు రావాలంటే ఆర్డరు రావాలి. ఆర్డరు రావాలంటే మంచి కానుక పట్టుకెళ్ళాలని మా ఆయన లెక్క. మామూలుగా మేం ఇలాంటి చోట్లకి జంగారెడ్డిగూడెం జీడిపప్పు డబ్బా పట్టుకెళ్తాం. "అంత పెద్ద హోటలు కట్టినాయనకి జీడిపప్పేంటి నాన్నగారూ! వైన్ ఇస్తారు ఇప్పుడందరూ" అన్నారు మా ఆయన.

మావయ్యగారు చాలాసేపు ఆలోచించారు. "ఇవ్వడంలో దోషం లేదు. పుచ్చుకునేవాడిది దోషం" అని తేల్చారు.

విందు రోజు పొద్దున్నే వ్యానులో యానాం చేరుకున్నాం. మావయ్యగారి అక్కగారి ఇల్లు అక్కడే. ఊరంతా సీసాల షాపులున్నా ఆవిడకి వాటి బోర్డుల రంగులు తప్ప ఇంకేమీ తెలియదు. మావయ్యగారిని ఇప్పటికీ "ఒరేయ్" అని పిలవగలిగేది ఆవిడ ఒక్కరే.

నేను, పాప వ్యానులో కూర్చున్నాం. మా ఆయన ముఖానికి రుమాలు కట్టుకుని షాపులోకి వెళ్ళి వీడియో కాల్ చేశారు. మండపేట నుంచి వచ్చిన ఇంకో ఇద్దరు వ్యాపారులు కూడా రుమాళ్ళతోనే నిలబడి ఉన్నారట. ముగ్గురూ ఒకరినొకరు గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు పక్కకి జరిగారట.

ఫోనులో ఒక్కొక్క సీసా చూపించారు. ఒకటి నున్నటి అట్టపెట్టెలో, బరువుగా, పెళ్ళికొడుకులా ఉంది. ఒకదాని మీద కోట బొమ్మ ఉంది. మూడోదాని మెడ కింద గుండ్రటి బంగారు రంగు స్టిక్కరు. మెడల్!

"అది తీసుకోండి" అన్నాను వెంటనే. నాకు మెడళ్ళంటే ఉన్న బలహీనత ముందే చెప్పాను.

"మెడల్ ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో చూడు. ఊరికే అంటించుకున్నారేమో! మన బియ్యం సంచి మీద నాన్నగారు 'నంబర్ వన్' అని రాయించలేదూ?" అన్నారు మా ఆయన.

న్యాయమే. ఒడిలో పిల్లని ఊపుతూ ఫోనులో వెతికి చదివాను. ఆ పోటీల్లో సీసాలకి ముసుగు వేస్తారట, లేకపోతే గ్లాసుల్లో పోసి నంబర్లు ఇస్తారట. రుచి చూసేవాళ్ళకి పేరు, ధర, సీసా అందం ఏవీ తెలియవు. రంగు చూసి, వాసన చూసి, పుక్కిలించి, ఉమ్మేసి మార్కులు వేస్తారు. ఇంటర్ పేపర్ల మీద పేరు కనపడకుండా దిద్దినట్టన్నమాట. అరలో ఉన్న సీసాలన్నీ కొని తాగి చూడలేని మాలాంటి అజ్ఞానులకి ఇది నిజంగా ఉపకారమే అనిపించింది. కోట బొమ్మకి లొంగని నాలుక ఒకటి మన బదులు ముందే రుచి చూసిపెట్టింది కదా! అయితే కింద ఇంకో సంగతి కూడా రాసి ఉంది. అన్ని పోటీలూ ఒకటి కావట, కొన్నింటిలో వచ్చినవాళ్ళలో సగంమందికి ఏదో ఒక మెడల్ దక్కుతుందట. అందుకని ఏ పోటీ, ఏ ఏడాది, ఏ రకానికి ఇచ్చారో చూసుకోవాలట. స్టిక్కరు మీద అవన్నీ ఉన్నాయిగానీ చీమ తలంత అక్షరాల్లో ఉన్నాయి. వీడియో కాల్‌లో కనపడలేదు.

చివరికి మూడూ కొనేశారు. అక్కగారి ఇంట్లో అందరి ముందూ పెట్టి నేను చదివింది చెప్పాను.

మావయ్యగారు నవ్వారు. "చూడకుండా రుచి చెప్పడం వాళ్ళు కొత్తగా కనిపెట్టారా? కళ్ళు మూసుకుని నాలుగు గింజలు నోట్లో వేసుకుంటే ఏ మిల్లు బియ్యమో, ఎన్నేళ్ళ పాతో చెప్తాను నేను. ఎవరో అంటించిన స్టిక్కరు మనకెందుకు? మనమే తేల్చేద్దాం."

"తాగుతారా!" అన్నారు అత్తయ్యగారు.

"తాగడమేంటి? శాంపిల్ చూడడం."

"నాలిక్కి తగిలితే తాగినట్టు కాదురా. మందు వేసుకోవడం లేదూ!" అని అక్కగారు శాస్త్రం చెప్పారు. శాస్త్రం తోడయ్యాక ఇంక అడ్డేముంది?

పాలిచ్చే తల్లిని కాబట్టి నన్ను రుచి నుంచి తప్పించి ఇన్విజిలేటరుని చేశారు. రెండు సీసాల మూతలు తిప్పితే వచ్చేశాయి. మెడల్ సీసాకి బిరడా ఉంది. దాన్ని మా ఆయన పప్పుగుత్తి కాడతో లోపలికి పొడిచారు. నేను వంటింట్లోకి వెళ్ళి మూడు స్టీలు గ్లాసుల్లో పోసి, నా పర్సులో ఉన్న బొట్టుబిళ్ళలు తీసి ఒకదానికి ఒకటి, ఒకదానికి రెండు, ఒకదానికి మూడు అంటించాను. స్టీలు గ్లాసులో రంగు కనపడదు. అది ఇంకా మంచిదనుకున్నాను.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. ఒక్కో గ్లాసుకీ నలుగురు మనుషులు. ఎంగిలి! ఎత్తి పోసుకోవచ్చు గానీ, ముక్కు దగ్గర పెట్టుకోకుండా వాసన ఎలా తెలుస్తుంది? అక్కగారే దారి చూపించారు. "చేతిలో పోయవే. తీర్థంలాగా."

చెంచా ఏది? పూజ ఉద్ధరిణి వాడడానికి వీల్లేదు. వంటింటి చెంచాలు మైలపడతాయి. నా బ్యాగులో పాప జ్వరం మందు చెంచా ఒకటుందని మా ఆయనకి సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. నేను వద్దనేలోగా తీసేశారు. తరవాత ఆ చెంచాని అక్కగారి పొయ్యి మీద ఎంతసేపు మరగబెట్టానంటే, "కరిగించి గిన్నె చేయిస్తావా?" అని అడిగారావిడ.

నలుగురూ వరసగా కూర్చుని కుడిచెయ్యి గోకర్ణంలా పట్టారు. నేను చెంచాతో పోశాను. ఒక బొట్టు గ్లాసు. చప్పరించారు. చప్పరించగానే నలుగురి చేతులూ, ఎవరూ చెప్పకుండానే, వాటంతటవే లేచి నెత్తికి రాసుకున్నాయి.

నలుగురూ తడి అరచేతుల వంక చూసుకున్నారు.

"అయ్యో రామా" అన్నారు అత్తయ్యగారు, తల తుడుచుకుంటూ. "మొన్ననే తలంటుకున్నాను!"

మొత్తం మూడుసార్లు పోశాను. మూడుసార్లూ నెత్తికి రాసుకున్నారు. అలవాటుకి కళ్ళు మూయడం ఎవరి తరం?

ఒక బొట్టుది కరక్కాయ నమిలినట్టుందని అక్కగారు. "వగరు. పాపం, చెడిపోయినట్టుంది" అని అత్తయ్యగారు. రెండు బొట్లది నేరేడుపళ్ళ షర్బత్తులా తియ్యగా ఉందని నలుగురిదీ ఒకే మాట. మూడు బొట్లది పాప దగ్గు మందులా ఉందని మా ఆయన. ఆ చెంచాతో ఏది పోసినా దగ్గు మందులాగే ఉంటుందని ఎవరికీ తట్టలేదు. తీర్పు రెండు బొట్లకి. చూస్తే అది కోట బొమ్మది, మూడింటిలోకీ చవకది. పెళ్ళికొడుకు సీసా దగ్గు మందయింది. కరక్కాయ మెడల్‌ది.

నా మెడల్ పరువు పోయింది. "అందుకే అన్నాను" అని మావయ్యగారు తృప్తిగా వెనక్కి వాలారు. "సరే, ఆ రెండు బొట్లది మంచి కాగితం చుట్టించి తీసుకురా."

మా ఆయన కదల్లేదు. సీసా వంకే చూస్తున్నారు. "నాన్నగారూ, మూత తీసేశాంగా."

"అయితే?"

"మూత తీసింది ఎలా ఇస్తాం?"

ఆ మాట అర్థం కావడానికి మాకు కొంతసేపు పట్టింది. బియ్యం వ్యాపారుల ఇల్లు మాది. ప్రతి బస్తాకీ ఇనుప గొట్టం గుచ్చి, గుప్పెడు తీసి, నమిలి చూశాకే కొంటాం, అమ్ముతాం. గుచ్చినంత మాత్రాన బస్తా చెడదు. నారపీచు జరిపితే కన్నం అదే పూడిపోతుంది. సీసా బస్తా కాదన్న ఆలోచన డిగ్రీ చదివిన నాతో సహా ఒక్కరికీ రాలేదు.

"మళ్ళీ బిగించలేరా? మిషను ఉంటుందిగా, సంచి కుట్టినట్టు" అన్నారు మావయ్యగారు, అప్పటికీ ఆశ చావక.

"ఒకదాంట్లో బిరడా ఈతకొడుతోంది" అన్నారు మా ఆయన.

రుమాలు మళ్ళీ కట్టుకుని పరిగెత్తారు. నేను వీడియో కాల్‌లో ఉన్నాను. కోట బొమ్మది అయిపోయిందని షాపతను చెప్పాడు. "మెడల్‌ది ఎన్నంటే అన్ని ఉన్నాయండి."

"అదేంటండి, మెడల్ వచ్చింది అమ్ముడవదా?" అన్నాను ఫోనులోంచి.

"ఎందుకవదండీ! ఇది కానుకిచ్చేవాళ్ళు కొంటారు. కోట బొమ్మది తాగేవాళ్ళు కొంటారు."

మెడల్‌దే కొన్నారు. ఇంటికి తెచ్చాక మావయ్యగారు తీర్పు తిరగరాశారు. "మనకి బాగోలేదంటే అదే అసలైన మంచిదన్నమాట. తాగనివాళ్ళ నాలిక్కి బాగుంటే తాగేవాళ్ళకి బాగుంటుందా?" ఈసారి నేనూ స్టిక్కరు మీద అక్షరాలు ఫోనులో పెద్దవి చేసి చదివాను. పోటీ పేరు ఉంది, ఏడాది ఉంది, ఎర్ర వైన్ల తరగతి అని ఉంది. నిజమైన మెడలే. కరక్కాయ రుచికే ఆ తరగతిలో మార్కులు వేస్తారని మాకు తెలియకపోవడం మెడల్ తప్పు కాదు.

సాయంత్రం విందుకి వెళ్ళాం. మావయ్యగారు సీసాని రెండు చేతులతో ఇచ్చారు. యజమాని దండం పెట్టి పుచ్చుకుని పక్కనున్న బల్ల మీద పెట్టారు. అక్కడ అప్పటికే అలాంటివి వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని మెడ కిందా ఒక్కో బంగారు బిళ్ళ.

"నేను షుగర్ పేషెంటునండి, ముట్టుకోను. ఎందుకో ఇవాళ అందరూ ఇవే తెచ్చారు. ఎవరైనా కాస్త జీడిపప్పు తెస్తే బాగుండును" అన్నారాయన నవ్వుతూ.

మా ఆయన నా వంక చూడలేదు. నేనూ ఆయన వంక చూడలేదు.

"మీరొచ్చారు, మంచిదయింది. పెద్దవారు, బియ్యం తెలిసినవారు. ఒక సాయం చెయ్యాలి" అని యజమాని మావయ్యగారిని లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. వెనకే మేమందరం. బల్ల మీద మూడు పళ్ళేల్లో మూడు అన్నాలు పొగలు కక్కుతున్నాయి. "ముగ్గురు పంపిన శాంపిళ్ళూ విడివిడిగా వండించాను. ఏది ఎవరిదో నేను చెప్పను. ఏది బాగుందో మీరు చెప్పండి."

మావయ్యగారి ముఖం వెలిగిపోయింది. జీవితమంతా ఈ పరీక్ష కోసమే చదివినట్టు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కూరలు వద్దన్నారు, ఉప్పు కూడా వద్దన్నారు. మొదటి పళ్ళెంలో నాలుగు మెతుకులు తీసుకుని, "పరవాలేదు" అన్నారు. రెండోదాంట్లో ఒక ముద్ద తీసుకుని కళ్ళు మూసుకున్నారు. తెరవలేదు. మళ్ళీ ఇంకో ముద్ద తీసుకున్నారు.

"ఇది మాది" అన్నారు. "పువ్వులా విచ్చుకుంది. దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇది తిన్న నోటితో వేరే అన్నం తినలేం."

మూడోది నోట్లో పెట్టుకోగానే ముఖం ముడుచుకుపోయింది. "పాత బియ్యమని చెప్పి కొత్త బియ్యం కలిపి పంపాడు ఎవడో గాడిద! చూడండి, ముద్ద కట్టేసింది. ఇది హోటల్లో పెడితే రెండోరోజు ఒక్కడూ రాడు."

మా ఆయన దగ్గారు. మావయ్యగారు వినలేదు. ఆ గాడిద వంశాన్ని గురించి ఇంకో రెండు మాటలు చెప్పారు.

యజమాని పళ్ళేలు ఎత్తి అడుగున అంటించిన చీటీలు చూపించారు. రెండోది పక్కవీధి షాపుది. మూడోది మాది.

గదిలో ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. యజమాని ఎంతో మర్యాదగా, "భోంచేసి వెళ్ళండి" అన్నారు. భోజనంలో అందరికీ రెండో పళ్ళెం అన్నమే వడ్డించారు. నిజంగానే పువ్వులా ఉంది. మావయ్యగారు మజ్జిగలోకి కూడా మారు వేయించుకున్నారు. ఆ విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. తీర్పు తనకి వ్యతిరేకంగా వచ్చినా నాలుక మాట మార్చలేదు.

తిరుగు ప్రయాణంలో వ్యాను ద్రాక్షారామం దాటింది. తరవాత మావయ్యగారు వెనక్కి తిరక్కుండానే అడిగారు. "ఆ గాడిదవి నువ్వేనా?"

"మీరేగా నాన్నగారూ, రేటు తగ్గించి ఎక్కడ దొరికితే అక్కడ తెమ్మన్నది! ఎవరికి తెలుస్తుందిలే అన్నారు కూడా."

"నాకూ తెలియదనుకున్నావా?"

"గాడిదని కన్నవాళ్ళని ఏమంటారో అది కూడా చెప్పండి, వింటాం" అన్నారు అత్తయ్యగారు. మళ్ళీ నా వైపు తిరిగి, "నువ్వేంటే, నోరు మెదపవు?" అన్నారు.

"ఏం లేదండి. రాజమండ్రి పోయింది."

"బ్రాంచికేం తొందరమ్మా, వచ్చే ఏడు చూద్దాం" అన్నారు మావయ్యగారు.

"బ్రాంచి కాదు మావయ్యగారూ" అన్నాను. అంతవరకూ ఆయన ముందు గొంతు పెంచినదాన్ని కాదు. ఆ రోజు నాలిక్కి తగిలింది ఏమీ లేకపోయినా మాట ఆగలేదు. "ఆ రోజు పాప నా చేతుల్లో కొయ్యబారిపోయినప్పుడు బండి లేదు. తాళం లేదు. స్కూటరు మీద, ఊపిరి తీస్తోందో లేదో చూసుకుంటూ వెళ్ళాను. మళ్ళీ అలా వస్తే డాక్టరు దగ్గర్లో ఉండాలి. నాకు కావల్సింది అంతే."

పాప నా ఒడిలో నిద్రపోతోంది. మావయ్యగారు కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు.

ఆర్డరు పక్కవీధి షాపుకే వెళ్ళింది. న్యాయంగా వెళ్ళింది. పేరు చూడకుండా రుచి చూస్తే కొనేవాళ్ళకి మేలు జరుగుతుందని ఫోనులో చదివినప్పుడు నేను ఎంత సంతోషించానో గుర్తొచ్చింది. కొనేవాళ్ళ మేలు ఎప్పుడూ అమ్మేవాళ్ళ ఖర్చు మీదే జరుగుతుందని అక్కడ రాయలేదు. యానాంలో అక్కగారు మూత తీసిన సీసాలను పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో పోశారట. "తియ్యటిది మటుకు పారబొయ్యడానికి మనసొప్పలేదు" అని ఫోనులో అన్నారు. ఆ తరవాత ఏం చేశారో మేం అడగలేదు.

వారం తిరక్కుండా మా షాపు వ్యాను గోడౌనుకి వెళ్ళడం మానేసింది. పని అయ్యాక డ్రైవరు మా ఇంటి ముందే పెట్టి, తాళం అత్తయ్యగారికిచ్చి వెళ్తున్నాడు. ఎందుకని మా ఆయన అడిగితే, "గోడౌను దగ్గర దొంగలు తిరుగుతున్నారు" అన్నారు మావయ్యగారు, పేపరు దించకుండా. ఏ దొంగా తిరగడం లేదని నాకు తెలుసు. ఆ డొక్కు వ్యాను మీద ఏ దొంగకీ మోజు ఉండదు. ఎక్కితే బియ్యపు తవుడు వాసన, పాపకి తుమ్ములు.

తాళానికి ముందు గదిలో, నా చెయ్యి అందేంత ఎత్తులో, ఒక మేకు కొట్టించారాయన. నాకు బండి నేర్పమని మా ఆయనకి కూడా చెప్పారట. రెండుసార్లు గేటుకి గుద్దాను గానీ ఇప్పుడు మెయిన్‌రోడ్డు దాకా తీసుకెళ్ళగలను. రాజమండ్రి మెడలిస్టు బోర్డు ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు. మా ఊరి డాక్టరు నంబరు మాత్రం ఫోనులో అన్నిటికన్నా పైకి మార్చుకున్నాను. పాపకి మళ్ళీ ఆ ఫిట్స్ రాలేదు. అయినా పడుకోబోయే ముందు ఒకసారి ముందు గదిలోకి వెళ్ళి, మేకుకి తాళం ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంటాను.